ముందు డ్రెస్ కోడ్ చూసుకుని, ఆ తర్వాత పెట్టె సర్దుకోవాలి

విహారయాత్రలో ఒక్క పూట ఖరీదైన రెస్టారెంటుకు వెళ్లడం కోసం ప్రత్యేకంగా ఒక సూటు పెట్టెలో పెట్టుకోవాలంటూ, ప్రయాణానికి బట్టలు సర్దుకోవడం గురించిన ఒక వ్యాసంలో వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. టేబుల్ బుక్ చేసేటప్పుడే ఆ రెస్టారెంటు డ్రెస్ కోడ్ ఏమిటో చూసుకోవాలి. అక్కడ ‘స్మార్ట్ క్యాజువల్’ అని ఉంటే మగవారికి కాలరున్న చొక్కా, ముదురు రంగు ప్యాంటు, బూట్లు సరిపోతాయి, ఆడవారికి సాదా గౌనైనా, మంచి ప్యాంటు మీద సిల్కు టాప్ అయినా చాలు. ‘జాకెట్ (అంటే మగవారు చొక్కా మీద వేసుకునే కోటు) తప్పనిసరి’ అని రాసి ఉన్నచోట మాత్రం ఆ నియమాన్ని పాటించాల్సిందే. కొన్ని చోట్ల జాకెట్ లేనివారికి వాళ్లే ఒకటి ఇస్తారు గానీ, అది మన కొలతకు సరిపోతుందన్న భరోసా ఉండదు కాబట్టి ముందే ఫోన్ చేసి అడగడం మేలు.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాని ముఖ్య విషయం బట్ట రకం. లినెన్ ఒంటికి ఎంత హాయిగా ఉన్నా, పెట్టెలోంచి తీసేసరికి నలిగిపోయి ఉంటుంది. అదే పలుచని ఉన్ని కోటునైతే, స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి తగిలేలా కాసేపు హ్యాంగరుకు వేలాడదీస్తే ముడతలు చాలావరకు వాటంతటవే పోతాయి. ప్రయాణంలో దాన్నే వేసుకుంటే పెట్టెలో చోటూ మిగులుతుంది. కాళ్లకు వేసుకునే వాటి విషయంలో మాత్రం రాజీ పడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రబ్బరు చెప్పులను, బీచ్ నిక్కర్లను ఇలాంటి రెస్టారెంట్లు చాలావరకు రాత్రి భోజన వేళ లోపలికి అనుమతించవు. ఆడవారు పలుచని శాలువా ఒకటి వెంట ఉంచుకుంటే ఏసీ చలికీ పనికొస్తుంది, పగలు వేసుకున్న సాదా దుస్తులకు కాస్త నిండుదనమూ వస్తుంది.