ఆట చూడని బహుమతి

విశాఖలో ఓ ఫుట్‌బాల్ ఫైనల్ ముగియడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఈలోపే మైకులో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ పేరు చదివేశారు. ఖర్చు పెట్టుకున్న స్పాన్సర్ గారు ఆ సాయంత్రం ఓ పెళ్లికి వెళ్లాలట. విజిల్ పడగానే ఫొటో దిగి బయల్దేరతారని నిర్వాహకులు తొందరపడ్డారు. పేరు వచ్చింది ఇరవయ్యో నిమిషంలో గోల్ కొట్టిన జాలరిపేట ఫార్వర్డ్‌కి. షామియానా కింద ముందు వరస కుర్చీల్లో చప్పట్లు ఆగాయో లేదో, మల్కాపురం వైపు కుర్రాళ్లకు పెనాల్టీ దొరికింది. జాలరిపేట గోల్‌కీపర్ కుడికి కదిలినట్టే కదిలి ఎడమకు పడ్డాడు. బంతి అతని మణికట్టుకు తగిలి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. లేచేసరికి ఒక గ్లోవు సగం ఊడి వేళ్లకు వేలాడుతోంది, పెదవుల మీద ఎర్రమట్టి. గ్లోవును పంటితో లాగి బిగించుకుని కార్నర్‌కి సిద్ధమయ్యాడు. మ్యాచ్ 1-0తోనే ముగిసింది.

మా క్రీడా విలేకరి చెప్పిన దృశ్యం ఇది. టోర్నమెంట్ పేరు, స్పాన్సర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరిని వేలెత్తి చూపించడం మా ఉద్దేశం కాదు, విశాఖలో చిన్నా పెద్దా టోర్నమెంట్లలో ఇది మామూలైపోయింది కాబట్టే రాస్తున్నాం. ఆ మ్యాచ్ అయ్యాక మూడు నాలుగు రోజులపాటు ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే మాట. గోల్ కొట్టినవాడికి ఇస్తే తప్పేమిటని కొందరు. గోల్ లేకపోతే కప్పే లేదు కదా అన్నది వాళ్ల వాదన, దాన్ని తీసిపారేయలేం. గోల్‌కీపర్‌కి అన్యాయం జరిగిందని ఎక్కువమంది. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడిన పెద్దాయన ఒకరు మాత్రం ఇద్దరూ కాదన్నారు. రెండో సగమంతా మల్కాపురం సెంటర్ ఫార్వర్డ్‌ను నీడలా అంటిపెట్టుకుని, అతని దాకా బంతే రానివ్వని జాలరిపేట స్టాపర్ బ్యాక్, అంటే తమ గోల్ ముందు కాపు కాసే డిఫెండర్, పేరు చెప్పారు. ఆ కుర్రాడు కాలితో గట్టిగా తన్నిన బంతులు ఆ గంటన్నరలో పది కూడా ఉండవు. అసలు పని అంతా అతను నిలబడ్డ చోటులోనే ఉంది. అది కనబడాలంటే చూపు బంతి మీది నుంచి తీసి మనిషి మీద పెట్టాలి.

ఈ వాదన మాకు ముచ్చటేసింది. అభిమానులు గొడవ పడటం ఆటకు చెరుపు కాదు. ఒకే మ్యాచ్‌ను ముగ్గురు మూడు రకాలుగా చూశారంటే ముగ్గురూ చూశారనే అర్థం. మాకు బాధ కలిగించింది ఒక్కటే. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆ ముగ్గురిలో ఎవరిలాగా చూడలేదు. స్పాన్సర్ గారు వచ్చింది రెండో సగం మొదలయ్యాక. గోల్ ఎవరు కొట్టారని పక్కవాళ్లను అడిగి తెలుసుకుని, ఆ పేరే చీటీ మీద రాయించారు.

ఇది మన ఊరి రోగం మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బుల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో పాతుకుపోయింది. ఆ రోజు మ్యాచ్‌ను స్పాన్సర్ చేసిన కంపెనీ అతిథులకు భోజనం పెడతారు, మంచి సీట్లిస్తారు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌ను ఎంచే అవకాశమూ ఇస్తారు. కొన్న ప్యాకేజీలో అదీ ఒక భాగం. ఆట ఆఖరి నిమిషాల్లో పేరు మైకులో వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ప్రతి శనివారం వచ్చే అభిమాని ఒకరిని అనుకుంటాడు, ఆ ఒక్కరోజు వచ్చిన అతిథి ఇంకొకరిని అంటాడు. ఆ క్లబ్బుల అభిమానుల్లోనూ రెండు వర్గాలున్నాయి. అది డబ్బిచ్చినవాళ్ల సరదా, పట్టించుకోవద్దని ఒకరంటే, క్లబ్బు మైకులో చెప్పే మాటకు విలువ ఉండాలని ఇంకొకరు అంటారు. మేం రెండో మాట వైపే ఉన్నాం.

క్రికెట్‌లో ఈ గొడవ ఇంత లేదు. 2005 ఏప్రిల్ 5న మన విశాఖలోనే పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. ఆ రోజు అవార్డు ఎవరిదన్న దాని మీద టీకొట్టు దగ్గర కూడా చర్చ జరిగి ఉండదు. స్కోరు కార్డే సగం తీర్పు చెప్పేస్తుంది. ఫుట్‌బాల్‌లో స్కోరు కార్డు మీద మిగిలేది ఒకటో రెండో పేర్లు. మిగతా ఇరవై మంది చేసిన పని చూసినవాళ్ల కళ్లలోనే ఉంటుంది. అందుకే ఈ ఆటలో ఎవరు చూశారు, ఎంత చూశారు అన్నది అంత ముఖ్యం.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌నే తీసుకోండి. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. గోల్స్ పి.కె.బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. ఈ జర్నైల్ అసలు ఆడే చోటు డిఫెన్స్. అంతకుముందు ఓ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం అతణ్ణి ఫార్వర్డ్‌గా దింపారు. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టువాడే. ఆ రోజు ఒక్కరికే కప్పు ఇవ్వాలంటే ఎవరికివ్వాలి? అరవై ఏళ్లు దాటినా దీని మీద ఇప్పటికీ గంటసేపు మాట్లాడుకోవచ్చు. గోల్ కొట్టినవాళ్లకే ఇచ్చేద్దాం అనేవాడికి మాత్రం ఆ మ్యాచ్ గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

మరి స్పాన్సర్‌ను పక్కన పెట్టి ప్రేక్షకుల ఓటుకే వదిలేస్తే? ప్రపంచకప్‌లో ఆ పని చేసి చూశారు. 2002లో ఈ అవార్డు మొదలైనప్పుడు ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా సాంకేతిక బృందం ఎంచేది. 2010 నుంచి ఇంటర్నెట్‌లో అభిమానుల ఓట్లతో ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాది పోర్చుగల్ ఆడిన మూడు గ్రూప్ మ్యాచ్‌ల్లోనూ అవార్డు క్రిస్టియానో రొనాల్డోకే వచ్చింది. అందులో రెండు మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా పడకుండా ముగిసినవి. 2022లో కెనడా మీద బెల్జియం 1-0తో గట్టెక్కింది. కెనడా పెనాల్టీని ఆపింది కూర్ట్వా, గోల్ కొట్టింది బాట్షుయాయి, అవార్డు వచ్చింది డిబ్రూయినాకి. తాను బాగా ఆడలేదని, ఎందుకిచ్చారో తెలియదని, బహుశా పేరు చూసి ఇచ్చారేమోనని ఆయనే చెప్పాడు. కప్పు చేతిలో ఉండగా ఆ మాట అనగలిగినందుకు ఆయనంటే మాకు గౌరవం పెరిగింది.

అలాగని అభిమానుల ఓటు ఎప్పుడూ గుడ్డిదనీ అనం. 2018లో ఉరుగ్వే చేతిలో 1-0తో ఓడిన ఈజిప్టు గోల్‌కీపర్ మహమ్మద్ ఎల్ షెనావీ ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఆఖరి నిమిషాల దాకా ఒంటిచేత్తో నిలబెట్టి, ఓడిపోయిన జట్టులో ఉండి కూడా గుర్తింపు పొందాడు. కప్పు మీద బీరు కంపెనీ పేరుందని, తన మతవిశ్వాసానికి అది సరిపడదని పుచ్చుకోలేదు. ఎంపిక సరైనదే. ఇచ్చినవాళ్ల పేరే ఆటగాడి మీద బరువైంది.

మ్యాచ్ అయిపోకముందే తేల్చేయడంలో ఉన్న ప్రమాదానికి 2002 ప్రపంచకప్పే సాక్షి. టోర్నమెంట్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ అని ఫైనల్‌కు ముందే ఓట్లు వేశారు. యొకొహామాలో ఆ ఫైనల్ నాడు రివాల్డో కొట్టిన బంతి కాన్ చేతుల్లోంచి జారింది, రొనాల్డో దాన్ని గోల్‌లోకి నెట్టాడు. బ్రెజిల్ 2-0తో గెలిచింది. అంతవరకూ కాన్ ఆడిన ఆటకు ఆ బహుమతి తగినదే, కాదనం. కానీ ఓటు వేసినవాళ్లు అసలు మ్యాచ్ చూడకుండానే వేశారు.

ఇక స్పాన్సర్ల వైపు నుంచి మాట్లాడాలి. వాళ్ల మాటలోనూ న్యాయముంది. విశాఖలో ఫుట్‌బాల్ బతుకుతున్నదే దాతల చేతి చలవ వల్ల. జెర్సీలు, బంతులు, రెఫరీల భత్యం, మైదానం బాగుచేయించడం, మంచినీళ్లు, దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లే బండి, అన్నీ ఎవరో ఒకరు జేబులోంచి తీస్తేనే జరుగుతున్నాయి. క్రికెట్‌కు తలుపు తట్టి మరీ డబ్బు వస్తుంది, ఫుట్‌బాల్ కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని షాపు షాపుకీ తిరగాలి. ఇంత ఖర్చు పెట్టినాయనకి ఒక పేరు చెప్పే హక్కు కూడా లేదా అని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. మైకు ఇవ్వకపోతే వచ్చే ఏడు ఆయన రాడేమోనన్న వాళ్ల భయం మాకు తెలుసు.

అయినా మా సమాధానం, లేదనే. ఇందుకు ఎక్కడో చూడక్కర్లేదు, మన నాటక పరిషత్తులు చాలు. తండ్రి పేరునో తల్లి పేరునో ఉత్తమ నటుడి బహుమతి పెట్టే దాత, డబ్బూ జ్ఞాపికా ఇచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఎవరు ఉత్తమ నటుడో తేల్చేది న్యాయనిర్ణేతలు. వాళ్లు మొదటి తెర లేచిన దగ్గర్నుంచి ఆఖరి తెర పడేదాకా కాగితం కలం పట్టుకుని కూర్చుంటారు. దాత వేదికెక్కి, తనకు నచ్చినా నచ్చకపోయినా, వాళ్లు చెప్పిన నటుడికి శాలువా కప్పి బహుమతి ఇస్తాడు. అందులో ఆయన చిన్నబుచ్చుకున్నదేమీ లేదు. తండ్రి పేరు ఆ నటుడి ఇంట్లో గోడ మీద నిలిచిపోతుంది. యూరోపియన్ ఫుట్‌బాల్ సంఘమూ ఇదే చేసింది. 2021లో జరిగిన యూరో పోటీల్లో అవార్డు మీద కంపెనీ పేరుంది, ఎంపిక మాత్రం సంఘం సాంకేతిక పరిశీలకులది. ఇటలీ, ఇంగ్లండ్ ఫైనల్లో వాళ్లు ఎంచింది డిఫెండర్ బొనూచిని.

మన టోర్నమెంట్లకు ఇంత ఏర్పాటు ఎక్కడ అంటారేమో. పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఈ ఊళ్లో ఆట తెలిసినవాళ్లకు కరువు లేదు. రైల్వేకి, పోర్టుకి, స్టీల్ ప్లాంట్‌కి ఆడి రిటైరైనవాళ్లున్నారు. తూర్పు నౌకాదళం ఇక్కడ ఉండటంతో కేరళ, బెంగాల్, గోవా, మణిపుర్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో ఫుట్‌బాల్ ఊపిరిగా పెరిగినవాళ్లున్నారు. ఆడుతున్న జట్లతో సంబంధం లేని ముగ్గుర్ని ముందు రోజే అడగండి. షామియానాకు దూరంగా, సెంటర్ లైనుకు ఎదురుగా మూడు కుర్చీలు వేయండి. విజిల్ పడ్డాక ఐదు నిమిషాలు వాళ్లను మాట్లాడుకోనివ్వండి. పేరుతోపాటు ఎందుకు ఎంచారో ఒక్క వాక్యం మైకులో చెప్పించండి. ఆ వాక్యం చాలా ముఖ్యమని మా నమ్మకం. రెండో సగమంతా వాళ్ల సెంటర్ ఫార్వర్డ్‌ను కదలనివ్వలేదు కాబట్టి ఇస్తున్నాం అని మైకులో వింటే, గట్టు మీద కూర్చున్న పదేళ్ల పిల్లవాడు వచ్చే మ్యాచ్‌లో స్టాపర్ బ్యాక్‌ను చూడటం మొదలుపెడతాడు. ఆ ముగ్గురితో విభేదించేవాళ్లు అప్పుడూ ఉంటారు, ఉండాలి కూడా. కానీ అప్పుడు వాళ్లు విభేదించేది ఒక కారణంతో.

స్పాన్సర్ గారికి తన మనసుకు నచ్చిన కుర్రాడికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. దానికి తన పేరే పెట్టుకోవచ్చు, స్పాన్సర్ మెచ్చిన ఆటగాడు అని చెప్పి ఇవ్వవచ్చు. పదిమంది ముందు అలా మెచ్చుకోవడం ఆ కుర్రాడికి పండగే. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అన్న మాటను మాత్రం మ్యాచ్ మొత్తం చూసినవాళ్లకే వదలాలి.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ఫైనల్ మర్నాడు మా జిల్లా పేజీలో వేసిన ఫొటో పెద్ద అట్ట చెక్కు పట్టుకుని స్పాన్సర్ గారి పక్కన నిలబడ్డ ఫార్వర్డ్‌ది. గోల్‌కీపర్ ప్రస్తావన నాలుగో పేరాలో, పెనాల్టీ ఆగింది అన్న ముక్కలో పోయింది. ఆపిన మనిషి పేరు కూడా రాయలేదు. స్టాపర్ బ్యాక్ ఊసే లేదు. షామియానా దగ్గర నిలబడి రాసుకుంటే ఇలాగే ఉంటుంది. ఇకనుంచి స్థానిక ఫుట్‌బాల్ వార్త రాసినప్పుడల్లా అవార్డు ఎవరు ఎంచారో కూడా రాస్తాం. స్పాన్సర్ ఎంచితే స్పాన్సర్ అనే రాస్తాం, ముగ్గురు పెద్దలు ఎంచితే వాళ్లు చెప్పిన కారణంతో సహా రాస్తాం.

ఆ రోజు మా ఫొటోగ్రాఫర్ తీసి పక్కన పెట్టిన ఫొటో ఒకటుంది. అందులో చెక్కూ లేదు, శాలువా లేదు. గ్లోవు పంటితో లాక్కుంటున్న కుర్రాడూ, ఎడమ పక్కన కార్నర్ జెండా వైపు చెయ్యి చూపిస్తూ అరుస్తున్న స్టాపర్ బ్యాకూ ఉన్నారు. ఇద్దరి పేర్లతో ఈ రోజు క్రీడా పేజీలో వేశాం.