గెలుపు స్క్రీన్‌షాట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గెలుపు స్క్రీన్‌షాట్ గారికి,

తిరుపతి బాలాజీ కాలనీ టీ బంకుల దగ్గర్నుంచి నమస్కారాలు.

మ్యాచ్ అయ్యీ అవకముందే బెట్టింగ్ యాప్‌లోంచి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో దిగిపోతారు తమరు. పచ్చ రంగులో '+4,700', కింద 'ఈజీ మనీ మచ్చా!' అని ఒక ముక్క. దానిపైన ఉండాల్సిన డిపాజిట్ల వరస మాత్రం కత్తెరకు పోయుంటుంది. వందమంది గ్రూపులో నలుగురు గెలిస్తే ఆ నలుగురే కనిపిస్తారు. మిగతావాళ్ళు 'ఛార్జింగ్ లేదు మచ్చా' అని ముసుగు తన్నేస్తారు.

తమరి వెనకాలే రెఫరల్ లింకు. చేర్పించినోడికి బోనస్. పక్క మంచం స్నేహితుడే ఏజెంటన్నమాట!

సమవుజ్జీ జట్లకు చెరో 1.90 రేటు, అంటే వంద పెట్టి గెలిస్తే చేతికి 190. అటు వంద, ఇటు వంద పడితే వచ్చేది 200, ఇచ్చేది 190. ఎవరు గెలిచినా పది నడిపేవాడికే. పోతే డబుల్ వెయ్యమని తమరి భక్తుల సలహా. వందతో మొదలెట్టి వరసగా ఆరు పోతే 6,300 గోవిందా. ఏడోసారి 6,400 పెట్టి గెలిచాడే అనుకుందాం, చేతికొచ్చేది 12,160. పెట్టింది 12,700. గెలిచి కూడా 540 బొక్క. దీన్ని మాత్రం ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యరు.

టెలిగ్రామ్‌లో 'పక్కా రిపోర్టు' ఇచ్చే మహానుభావుడు తమరికి మేనమామ వరస. 800 మందిలో సగానికి ఒక జట్టు పేరు, సగానికి రెండోది పంపుతాడు. తప్పు వెళ్ళినోళ్ళను వదిలేసి మళ్ళీ అదే. మూడు మ్యాచ్‌లకు వందమంది మిగులుతారు. వాళ్ళకు ఆయన దేవుడు. నాలుగోదానికి ఫీజు.

ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. అందుకే తమరి యాప్ ఏపీకే ఫైలుగా, అంటే ఫోన్‌లో నేరుగా ఎక్కించుకునే ఫైలుగా, వాట్సాప్‌లో చేతులు మారుతోంది. గెలిచిన డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియనోడి ఖాతాలోంచి పడుతుంది. ఆ ఖాతా మీద సైబర్ కేసుంటే మనోడి ఖాతా కూడా ఫ్రీజ్ అవ్వొచ్చు. మెస్ బిల్లు కట్టాల్సిన డబ్బూ అందులోనే.

కాణిపాకంలో ప్రమాణం చేసొచ్చినోడు కూడా గ్రూపులోంచి మాత్రం బయటికి రాడు, అదీ తమరి మహిమ. ఆ గ్రూపు వదిలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఒక్క ఫోన్ కొడితే తమరికి ఒక చందాదారు తగ్గుతాడు. కోపం తెచ్చుకోకండి.

ఈసారి వచ్చేటప్పుడు పైభాగం కత్తిరించకుండా దయచేయండి.

ఇట్లు,
గ్రూపులో మిగిలిన తొంభై ఆరుగురు