డిసెంబరులో దరఖాస్తులు ఉపసంహరించుకోకండి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. అమెరికాలో మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు చేసిన పిల్లల తల్లిదండ్రులకు 'అనుభవజ్ఞుల హెచ్చరిక' అని దాని శీర్షిక. డాలస్ నుంచి ఇద్దరు మిత్రులు, ఎడిసన్ నుంచి ఒకరు పంపారు. చివరికి గుంటూరు నుంచి మా పెద్దమ్మ కూడా పంపింది. అందరూ మేలు కోరే పంపారు. కానీ అందులోని ఒక సలహా వింటే పిల్లల బతుకు దారి తప్పుతుంది.

మొదటి అంశం: దరఖాస్తులు తెరిచిన రోజే పంపకపోతే సీటు దొరకదు. తప్పు. చాలా కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే ఆమ్‌కాస్ అనే వ్యవస్థ మే చివర్లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టినా, మొదటి విడత కాలేజీలకు చేరేది జూన్ చివర్లోనే. మొదటి రోజుకూ పదో రోజుకూ పెద్ద తేడా ఉండదు.

రెండోది: ఇంటర్వ్యూ తర్వాత కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాయకపోతే మార్కులు పోతాయి. రాస్తే మర్యాద, రాయకపోతే నేరం కాదు. అంతే.

మూడోది: అన్ని కాలేజీలూ ఇంటర్వ్యూ అయినవారికి అయినట్టే సీట్లు ఇచ్చేస్తాయి. చాలా కాలేజీలు అలా చేస్తాయి, అన్నీ కాదు. హార్వర్డ్, యేల్ ఇంటర్వ్యూలన్నీ ముగించి మార్చిలో ఫలితాలు చెబుతాయి. అక్కడ సెప్టెంబరులో వెళ్లినవారూ, జనవరిలో వెళ్లినవారూ ఒకేసారి తెలుసుకుంటారు.

ఇక నాలుగోది. "డిసెంబరులోగా ఇంటర్వ్యూ పిలుపు రాకపోతే అంతా ముగిసినట్టే. అన్నీ ఉపసంహరించుకుని కరీబియన్ కాలేజీలో జనవరి సీటుకు డబ్బు కట్టండి."

కరీబియన్ అంటే అమెరికా దగ్గరి ద్వీపాల్లోని కాలేజీలు; అమెరికాలో సీటు రాని పిల్లలు చాలామంది అక్కడికి వెళ్తారు. ఇది రాసినవారు నీట్ కౌన్సెలింగ్ లెక్కను అమెరికాకు మోసుకెళ్లారు. మన దగ్గర ఒక రౌండులో ఒకరికి ఒకే సీటు కేటాయిస్తారు. అమెరికాలో ఒకే విద్యార్థి చేతిలో నాలుగు కాలేజీల ఆఫర్లు ఉండవచ్చు. ఎండీ కాలేజీలు (అక్కడ తొలి వైద్య డిగ్రీయే ఎండీ) అక్టోబరు 15 నుంచి ఆఫర్లు ఇవ్వడం మొదలుపెడతాయి. తరగతిలో ఉన్నన్ని సీట్లకు సరిపడా ఆఫర్లు ఇవ్వడానికి అక్కడి మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాటికి పెట్టిన గడువు మార్చి 15. ఇంటర్వ్యూలు ఫిబ్రవరిలోనూ సాగుతుంటాయి. ఏప్రిల్ 30 నాటికి ఆ విద్యార్థి ఒకటి ఉంచుకుని మిగిలిన మూడు వదులుకోవాలి. ఆ మూడు చోట్లా వెయిట్‌లిస్టు కదిలేది అప్పుడే. తరగతులు మొదలయ్యే వరకూ ఆ కదలిక ఆగదు. డిసెంబరులోనే తప్పుకున్న పిల్లకు సీటు వచ్చిందనే ఫోను ఎలా వస్తుంది?

మా అక్క కూతురి విషయంలో ఇది కళ్లారా చూశాను. డిసెంబరు మూడో వారం, రాత్రి భోజనాల వేళ. పళ్లెం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద ద్వీపంలోని ఒక కాలేజీ డిపాజిట్ పేజీ, బావగారి కార్డు నంబరు సగం వరకు కొట్టి ఉంది. ఇదే మెసేజ్ అప్పుడూ తిరిగింది. పెరుగన్నం కలిపిన చేతితోనే అక్క ల్యాప్‌టాప్ మూసేసింది. జనవరిలో పిల్లకు రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండు చోట్లా వెయిట్‌లిస్టే. మే నెలలో ఒక కాలేజీ నుంచి ఫోను వచ్చింది.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను అనను. 2024లో ఎండీ కాలేజీలకు సుమారు 52 వేల మంది దరఖాస్తు చేస్తే చేరింది 23 వేల మంది. సగానికి పైగా పిల్లలకు ఆ ఏడాది సీటు రాలేదు. అయినా మళ్లీ జూన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు ముగిశాక ఆస్పత్రి శిక్షణకు (రెసిడెన్సీ) స్థానాలు కేటాయించే ప్రక్రియను 'మ్యాచ్' అంటారు. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి స్థానం దొరికింది. విదేశాల్లో వైద్యం చదివిన అమెరికా పౌరులలో దొరికింది 67 శాతానికే. మధ్యలో చదువు మానేసినవారు ఈ లెక్కలోకి రానే రారు. కరీబియన్‌లో చదివి మంచి డాక్టర్లయినవారు ఉన్నారు, వారి మీద నాకు గౌరవం ఉంది. వారు తెలిసి ఎంచుకున్నారు. భయపెట్టి పంపడం వేరు. పేరు కూడా పెట్టుకోకుండా ఇంత ధీమాగా సలహా ఇచ్చిన పెద్దమనిషి, స్థానం దొరకని ఆ మూడో వంతు మందిలో మిగిలిపోయిన పిల్ల అప్పు తీరుస్తారా? వాళ్ల అమ్మకు సమాధానం చెబుతారా?

ఐదో అంశం దగ్గర మాత్రం నేను తల వంచాలి. దరఖాస్తు చేరాక ఒక్కో కాలేజీ విడిగా అడిగే సెకండరీ వ్యాసాలను, అడిగిన రెండు వారాల్లో పంపాలని అందులో ఉంది. అది నిజం. అవి చేరితేనే చాలా కాలేజీలు ఇంటర్వ్యూ సంగతి చూస్తాయి, ఆలస్యమైనకొద్దీ మిగిలే సీట్లు తగ్గుతాయి. తొందరేమీ లేదు, బాగా దిద్దుకుని పంపమని ఆ వేసవిలో మా మేనకోడలికి చెప్పింది నేనే. ఆమె వ్యాసాలు వెళ్లేసరికి సెప్టెంబరు దాటింది. డిసెంబరులో ఆ ఇల్లు పడిన బాధలో నా వంతు ఉంది. వచ్చే జూన్‌లో ఆమె తమ్ముడు దరఖాస్తు చేస్తున్నాడు. మిగిలిన నాలుగూ చెరిపేసి, ఆ ఐదో అంశాన్ని వాడికి నిన్ననే పంపాను.