ఆ ‘నెగెటివ్’ చాలదు

లింఫోమా (లింఫు వ్యవస్థలో పుట్టే క్యాన్సర్) అని తేలిన రోగికి రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఎక్కించేముందు ‘వైరల్ మార్కర్స్ అన్నీ నెగెటివే’ అని ఫైల్లో రాసేస్తే బాధ్యత తీరిపోతుందా? ఆ పేరుతో మామూలుగా చేసేవి మూడే: హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (ఇప్పుడున్న హెపటైటిస్ బిని చూపేది), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి). అడగాల్సిన నాలుగోది యాంటీ హెచ్‌బీసీ టోటల్. చీటీ మీద అదే కనపడదు. ఎప్పుడో కామెర్లొచ్చి, పసరు మందు తాగి, తగ్గిపోయిందనుకున్న మనిషిలో హెపటైటిస్ బి ఆనవాలును పట్టిచ్చేది ఆ నాలుగోదే.

తగ్గింది కామెర్లు. వైరస్ జన్యుపదార్థం కాలేయ కణాల్లోనే నక్కి ఉంటుంది. దాన్ని అణచి ఉంచడంలో రోగాలతో పోరాడే తెల్లరక్తకణాల్లో ఒక రకమైన బి కణాలది పెద్ద పాత్ర, రిటుక్సిమాబ్ తుడిచిపెట్టేదీ బి కణాలనే. కాపలా పోయాక వైరస్ లేచిందంటే కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే ఈ మందుకు దీనిపై తీవ్రమైన హెచ్చరిక జోడించింది.

పరీక్ష రాసినచోటా ‘టోటల్’ బదులు యాంటీ హెచ్‌బీసీలోనే మరో రకమైన ‘ఐజీఎం’ చేసి పంపితే ఉపయోగం లేదు. అది చెప్పేది కొత్తగా సోకినదాని గురించి, పాతదాని గురించి కాదు. చీటీలో ‘టోటల్’ అన్న మాట ఉండి తీరాలి, రక్తం మొదటి డోసుకు ముందే తీయాలి. పాజిటివ్ వస్తే రోజూ వైరస్‌ను అణచే ఎంటెకావిర్ మాత్ర 0.5 మిల్లీగ్రాములు, తిన్న రెండు గంటలకు వేసుకుని మరో రెండు గంటలు ఏమీ తినకుండా. కీమోతోపాటే ఈ మాత్రలూ ఆపేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. చివరి రిటుక్సిమాబ్ తర్వాత కనీసం 12 నెలలు, వీలైతే 18 నెలలు వాడాలి, ఆపాక కూడా లివర్ పరీక్షలు సాగాలి. చెన్నైలోనో రాయవేలూరులోనో కీమో ముగించుకుని కావలికో కనిగిరికో చేరిన రోగి చేతిలో ఈ మాట రాసిన కాగితం ఉండాలి.

హెపటైటిస్ సి దారి వేరు. బి కణాలను ఏళ్లతరబడి రెచ్చగొట్టి అది లింఫోమాకే కారణం కాగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. ప్లీహంలో పుట్టే ఒక రకం లింఫోమా ఉన్న 9 మంది హెపటైటిస్ సి రోగులకు వైరస్‌పై పనిచేసే ఇంటర్‌ఫెరాన్ మందు ఇస్తే, వైరస్ పోయిన ఏడుగురిలో క్యాన్సరూ పూర్తిగా అణగిందని ఫ్రెంచి వైద్యులు 2002లో ప్రకటించారు. ఇప్పుడు హెపటైటిస్ సికి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు చాలామందికి 12 వారాలు చాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అవి ఉచితం. ఆ మాత్రలకు ముందూ హెపటైటిస్ బి పరీక్ష తప్పదు. సి పోతుంటే బి లేచే ప్రమాదముంది.

ఫలితం కోసం చూస్తూ కూర్చుంటే క్యాన్సర్ ఆగదు, ఖర్చు పెరుగుతుంది అంటారు. ఈ పరీక్షకు పట్టేది ఒకటి రెండు రోజులు, మాత్ర మొదలెట్టాక కీమో ఆపక్కర్లేదు. వేలు పోసి ఇంజెక్షన్ కొనిపిస్తున్నవారికి ఒక్క పరీక్ష దగ్గరే పొదుపు గుర్తొస్తుందా? జులై 28న హెపటైటిస్ దినమని బ్యానర్లు పట్టే అధికారులు యాంటీ హెచ్‌బీసీ టోటల్ ఫలితం లేని కేస్‌షీటును వెనక్కి పంపమని ఆసుపత్రులకు ఆదేశాలివ్వడానికి ఇంకేం అడ్డొస్తోంది?