జిర్కాన్ రవ్వతో చెప్పిస్తున్న అతిమాట

"భూమి పుట్టిన తొలినాళ్ల నుంచే భూఫలకాలు కదులుతున్నాయి, 440 కోట్ల ఏళ్ల జిర్కాన్లే సాక్ష్యం" అన్న మాట తెగ తిరుగుతోంది. భూఫలకాలంటే భూమి పైపెంకులోని పెద్ద పెద్ద పలకలు; జిర్కాన్ అంటే కోట్ల ఏళ్లయినా చెక్కుచెదరని ఖనిజపు రవ్వ. సాక్షి నిజమైనదే. ఆ సాక్షి నోట పెడుతున్న మాటే అతి.

పశ్చిమ ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో దొరికిన ఈ రవ్వల్లో కొన్నిటిలో ఆక్సిజన్‌లో బరువైన రకమైన ఆక్సిజన్-18 వాటా ఎక్కువ. అంటే వాటి మాతృశిల ఒకప్పుడు నేల పైభాగాన నీటిలో నాని, తర్వాత లోతుకు వెళ్లి కరిగింది. నీళ్లుండేవనడానికి ఇది గట్టి ఆధారమే. కానీ ఆ శిల లోపలికి ఎలా వెళ్లిందో జిర్కాన్ చెప్పదు. ఒక ఫలకం మరోదాని కిందికి దూరి ఉండొచ్చు. లేదా లావా పొర మీద పొర పడి, ఆ బరువుకే అడుగుది కుంగి ఉండొచ్చు. గురుగ్రహపు చందమామ అయోనే చూడండి: అగ్నిపర్వతాలకు కొదవ లేదు, ఫలకాల జాడ లేదు.

"ఫలకాలు లేకుండా గ్రానైట్ ఎలా పుడుతుంది?" అని ఎదురు ప్రశ్న. నీరు పట్టిన బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, మందంగా పేరుకుని అడుగున కరిగితే గ్రానైట్ జాతి శిలలే వస్తాయి. ఆస్ట్రేలియాలోనే పిల్బరాలో గుండ్రటి గ్రానైట్ గుమ్మటాలు, వాటి సందుల్లోకి కుంగిన బసాల్ట్ కనిపిస్తాయి. తేలికది పైకి, బరువైనది కిందికి. పక్కల నుంచి ఢీకొన్న తీరు కాదది.

"లోపల వేడెక్కువ, కాబట్టి ఫలకాలు మరింత జోరుగా కదిలేవి" అన్నది వినడానికి బాగుంటుంది. చాలాకాలం నేనూ నమ్మాను. పైపెంకు కిందున్న మందపాటి పొర, మాంటిల్, అప్పట్లో ఇప్పటికంటే 100 నుంచి 250 డిగ్రీలు వేడిగా ఉండేదన్నది ఎక్కువమంది అంచనా. దాదాపు 1600 డిగ్రీల వద్ద పొంగిన కోమటైట్ అనే పాతకాలపు అతివేడి లావాలే అందుకు గుర్తు. అయితే ఫలకం నడవాలంటే, మునిగిన అంచు వెనకదాన్ని లాగాలి. వేడికి మెత్తబడ్డ అంచు లాగేలోపే తెగిపోవచ్చు.

అలాగని అంతా కదలకుండా కూర్చుందనీ అనలేం. పిల్బరాలోని 320 కోట్ల ఏళ్ల బసాల్ట్ ఏడాదికి కనీసం 2.5 సెంటీమీటర్లు జరిగిందని దాని అయస్కాంత జాడలను బట్టి 2020లో లెక్కగట్టారు. 2023లో వచ్చిన మరో అధ్యయనం 390 నుంచి 340 కోట్ల ఏళ్ల క్రితం నాటి జిర్కాన్లలోని అయస్కాంత జాడలను చూసి, వాటి అక్షాంశం దాదాపు మారలేదంది. రెండూ వేర్వేరు కాలాలవి, కాబట్టి పేచీ లేదు. పైగా ఒక ముక్క జరిగినంత మాత్రాన భూగోళమంతా ఫలకాలుగా విడిపోయిందని కాదు. చల్లటి ఫలకం లోతుకు దిగితేనే పుట్టే నీలి శిలలు, బ్లూషిస్ట్‌లు, దాదాపు గత 100 కోట్ల ఏళ్లలోవే దొరుకుతున్నాయి.

మొదలైన కాలం అడిగితే నా మొగ్గు 300 కోట్ల ఏళ్ల దరిదాపులకే. 440 అనేవాళ్లు నీటి జాడ కాదు, కదలిక జాడ చూపించాలి.