పుస్తకాల ఎంపికలో పసివాళ్ళ పెత్తనమా?

పిల్లల పుస్తకాల విషయంలో పిల్లల జోక్యం నానాటికీ మితిమీరిపోతోంది. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఇంకా ఊరుకుంటే రేపు ఎవరికీ ముఖం చూపించలేం.

పుస్తకం ఎంచేది మనం. కొనేది మనం. లోపలి పేజీలో ఆశీస్సులు రాసి సంతకం పెట్టేది మనం. చదివి వినిపించి గొంతు పోగొట్టుకునేదీ మనమే. ఈ వ్యవహారంలో చిల్లిగవ్వ ఖర్చు లేని ఒక వర్గం ఉంది. అందులో కొందరికి నడక రాదు, కొందరికి మాట రాదు, కొందరికి ఇంకా పళ్ళే రాలేదు. ఆ వర్గం ఆఖర్న వచ్చి ఒళ్ళో కూర్చుని, ఈ పుస్తకం పనికిరాదని తేల్చేస్తుంది. కారణాలు చెప్పరు. అప్పీలు లేదు. తీర్పు సాధారణంగా పుస్తకం మంచం కిందికి ఎగరడం ద్వారా వెలువడుతుంది.

ఇదేదో నోటికొచ్చి అంటున్న మాట కాదు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు. మనవరాలికి మూడున్నరేళ్ళు, మనవడికి తొమ్మిది నెలలు. వీళ్ళకి పుస్తకాలు ఎంచే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అప్పగించలేదు, అది వేరే సంగతి.

మనవడు పుట్టిన ఐదో వారంలోనే మొదలుపెట్టాను. తొందరపడ్డానని అనుకోకండి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘమే 2014లో, పుట్టిన దగ్గర్నుంచీ చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పండంటూ డాక్టర్లకు సూచించింది. అందుకని నేను తెచ్చింది కూడా ఆషామాషీ పుస్తకం కాదు. నీటిరంగుల బొమ్మలు. లేత నీలం కొలను, దాని మీద మరింత లేత నీలం పొగమంచు, ఆ మంచులో ఉందో లేదో తెలియని కొంగ. అట్ట చూస్తేనే మనసు చల్లబడుతుంది. అంటే, నా మనసు. వాడి ముఖం ముందు పట్టుకున్నాను. వాడు కొంగను దాటేసి నా చొక్కా వంక చూశాడు. తెల్ల చొక్కా మీద నల్ల చారలు. పేజీ తిప్పాను. చొక్కానే చూశాడు. ఇంకో పేజీ తిప్పాను. కన్నార్పకుండా చొక్కానే చూశాడు.

"నాన్నా, వాడికి ఇప్పుడు 20, 30 సెంటీమీటర్ల అవతల ఏదీ సరిగ్గా ఆనదు. ఈ లేత రంగుల తేడాలు అసలే తెలియవు. నలుపూ తెలుపూ, లావుపాటి గీతలూ ఉన్న బొమ్మలు ఏమైనా ఉంటే చూడు" అంది మా అమ్మాయి.

ఒక చిత్రకారుడు కళ్ళు కాయలు కాసేలా వేసిన పొగమంచు కన్నా నా చొక్కా ఉత్తమ సాహిత్యం అన్నమాట. పోనీ, ఆ గౌరవమైనా నాకు దక్కిందా అంటే, మర్నాడు గళ్ళ దుప్పటి కనిపించగానే ఆ పాఠకుడు నన్ను వదిలేసి దాని వైపు తిరిగాడు.

ఇప్పుడు తొమ్మిదో నెల. ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు ఒక మూల నోట్లోకి వెళ్తుంది. విమర్శకు ఇదొక పద్ధతట. ప్రచురణకర్తలైనా గట్టిగా నిలబడాల్సింది. నిలబడకపోగా సాగిలపడ్డారు. దళసరి అట్ట పేజీలు వేశారు, మూలలు గుండ్రంగా కోశారు, చొంగకి పాడవకుండా పైన పూత పూశారు. అదే బోర్డు బుక్కు. అది చాలక గుడ్డ పుస్తకాలు వచ్చాయి, స్నానాల తొట్టిలో తేలే పుస్తకాలు వచ్చాయి. పుస్తకాన్ని పిండి, క్లిప్పు పెట్టి, తీగ మీద ఆరేయడం నా కళ్ళతో చూశాను. ఇంక చూడాల్సిందేమీ లేదనుకున్నాను.

కానీ ఉంది. ఆ అట్ట పుస్తకంలో పేజీకి ఒకటే బొమ్మ, ఒకటే మాట. ఒక పేజీలో ఎర్ర బంతి. వెనక చెట్టూ చేమా ఏమీ లేవు, అంతా తెలుపే. ఇంత కాగితం దండగ చేస్తారా అని నేను బాధపడుతుండగా, వాడు చూపుడువేలితో బంతి అంచు గీరాడు. తర్వాత అయిదు వేళ్ళూ చాపి పట్టుకోబోయాడు. అట్ట మీద గోళ్ళు కిర్రుమన్నాయి. గుప్పిట మూసి, పైకెత్తి, విప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు. నేనే దాచేసినట్టు నా వంక చూశాడు. నా జేబు వంక కూడా చూశాడు. మళ్ళీ గీరాడు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. జూడీ డిలోచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1998లో ప్రచురించారు. తొమ్మిది నెలల పిల్లలు బొమ్మలో ఉన్న వస్తువును తడుముతారట, ఊడదీసుకోబోతారట. 19 నెలలు వచ్చేసరికి ఆ పని మానేసి వేలెత్తి చూపిస్తారట. అమెరికా పిల్లలే కాదు, అక్కడెక్కడో ఐవరీ కోస్ట్ పిల్లలు కూడా ఇలాగే చేశారట. సముద్రాలు దాటి ఇంత కట్టుబాటా? ముందే కూడబలుక్కోకుండా ఇది సాధ్యమయ్యే పనేనా? విచారణ జరిపిస్తే బాగుంటుంది.

అసలు ఈ అరాచకానికి బీజం వేసినవాడు కొమీనియస్. మొరేవియా పండితుడు. ఆయన 1658లో న్యూరెంబర్గ్ నగరంలో లాటిన్, జర్మన్ భాషల్లో 'ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్' అనే పాఠ్యపుస్తకం వేయించాడు. కంటికి కనిపించే లోకాన్ని బొమ్మల్లో చూపించడం దాని పని. 150 అధ్యాయాలు, వాటికి చెక్కదిమ్మెలతో అచ్చు వేసిన బొమ్మలు. పిల్లల బొమ్మల పుస్తకాల చరిత్ర ఎవరు చెప్పినా ఇక్కడినుంచే ఎత్తుకుంటారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అక్షరాలు నేర్పే వంకతో మొదట్లోనే ఏం పెట్టాడో తెలుసా? కాకి 'ఆ ఆ' అంటుందని, గొర్రెపిల్ల 'బే' అంటుందని. ఆయనేమీ సామాన్యుడు కాదు, బిషప్పు. నిండు గడ్డం. అంతటివాడే గొర్రెపిల్ల అరుపు అచ్చు వేయించాక, తరవాత పుట్టిన తాతల పరువుకి దిక్కెవరు?

ఇక మూడున్నరేళ్ళావిడ దగ్గరికి వద్దాం. ఈవిడతో వచ్చిన చిక్కు వేరు. ఈవిడకి మాటలొచ్చు.

పుస్తకం అన్నాక నీతి ఉండాలని నా సిద్ధాంతం. ఒకటి కాదు, రెండు మూడు ఉంటే ఇంకా మంచిది. కానీ బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలే. పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచినప్పుడు ఎనిమిదీ పదహారు లెక్కన పేజీలు వస్తాయి కాబట్టి అలా స్థిరపడిందట. అందులో అట్టలోపలి హంగులు పోగా మిగిలినదాంట్లో క్రమశిక్షణ, సమయపాలన, పెద్దల పట్ల గౌరవం, పళ్ళు తోముకోవడం, ఇవన్నీ ఎక్కడ పడతాయి? అయినా వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. తాబేలు ఒకటి సమయపాలన గురించి 32 పేజీల పొడుగునా ఉపన్యసిస్తుంది. గొంతు సవరించుకుని ఆద్యంతం చదివాను. శ్రద్ధగా విన్నది. అయిపోయాక ఒకటే అడిగింది.

"తాతా, దాని చెవులేవీ?"

తాబేలుకి చెవులు ఎక్కడుంటాయో నాకూ తెలియదు. సమయపాలన చర్చ అంతటితో ముగిసింది.

ఆవిడ సొంతంగా ఎంచుకున్న పుస్తకంలో నీతి లేదు, ఉపన్యాసం లేదు. పేజీకి ఒక్క వాక్యం. అందులో ఒకచోట 'ఇంట్లో ఎవ్వరూ లేరు' అని ఉంది. అచ్చులో ఉంది, నా కళ్ళజోడుతో చదివాను. ఆవిడ మోకాళ్ళ మీద లేచి, "ఉన్నారు!" అని కేక పెట్టింది. బొమ్మలో మంచం కింద నుంచి పిల్లి తోక కొస బయటికి వచ్చి ఉంది. గోరంత. నాకు ఆ క్షణం దాకా కనపడలేదు. "ఎవ్వరూ లేరని రాసుందమ్మా" అన్నాను. "రాసినాయనకి తెలీదు. నాకు తెలుసు" అంది.

రచయిత ఒకటి రాస్తాడు, చిత్రకారుడు పక్కనే కూర్చుని దాన్ని కాదంటాడు, మధ్యలో పెద్దవాడు వెర్రివాడవుతాడు. మంచి బొమ్మల పుస్తకం అంటే ఇదేనట. నేనైతే దీన్ని ముగ్గురు కలిసి చేసిన కుట్ర అంటాను. ఎందుకంటే ఆవిడ చూపు ఒక్కసారైనా అక్షరాల మీద పడదు. చదివి వినిపిస్తున్నంతసేపూ పిల్లల కళ్ళు ఎటు తిరుగుతున్నాయో కెనడా పరిశోధకులు కంటి కదలికలు పట్టే యంత్రంతో చూసి 2005లో ప్రకటించారు. దాదాపు అంతసేపూ బొమ్మల మీదేనట. అక్షరాల బాధ పూర్తిగా మనకి వదిలేశారన్నమాట. పైగా, గడగడా చదివెయ్యకండి, ఆగండి, అదేమిటి ఇదేమిటి అని అడగండి, వాళ్ళనే చెప్పనివ్వండి అని నిపుణులు 1988 నుంచీ పోరుతున్నారు. చెప్పనిస్తే ఏం జరుగుతుందో పిల్లి తోక దగ్గర చూశారుగా.

అన్నిటికన్నా ఘోరం పునరుక్తి. ఆ పిల్లి తోక పుస్తకం నేను ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టడం మానేశాను. మొన్న ఒక రాత్రి నిద్ర ఆపుకోలేక రెండు పేజీలు కలిపి తిప్పేశాను. అక్షరం ముక్క రాని మనిషి, సగం కళ్ళు మూసుకున్న మనిషి, ఠక్కున లేచి కూర్చుని "గొడుగు పేజీ ఏదీ?" అంది. బ్యాంకు ఆడిటర్లు కూడా ఇంత పట్టుగా ఉండరు. వెనక్కి తిప్పి గొడుగు పేజీ చదివాను. జరిమానా కింద మళ్ళీ మొదటినుంచి చదివాను.

మా అమ్మాయికి ఫిర్యాదు చేస్తే, ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో తేల్చిన విషయం ఒకటి నా ముందు పెట్టింది. ప్రతిసారీ కొత్త కథ విన్న మూడేళ్ళ పిల్లల కన్నా, అదే కథ మళ్ళీ మళ్ళీ విన్న పిల్లలు అందులోని కొత్త మాటలు బాగా నేర్చుకున్నారట. ఈ విశ్వవిద్యాలయాలు తాతల మీద ఒక్క పరిశోధన చేసిన పాపాన పోలేదు. అదే కథ నలభైసార్లు చదివిన మనిషి ఏ మాటలు మర్చిపోతాడో చూడాలి. మొన్న మా మిత్రుడు ఫోన్ చేసి "ఇంట్లో ఎవరున్నారు?" అంటే "ఎవ్వరూ లేరు, పిల్లి ఉంది" అన్నాను. మా ఇంట్లో పిల్లి లేదు.

ఈ బాధ పడలేక, చదివే పనే లేని పుస్తకం పట్టుకొచ్చాను. మీట నొక్కితే బాతు అరుస్తుంది, రెక్క తెరిస్తే కప్ప బయటికొస్తుంది, కాగితం నాలుక లాగితే రైలు కదులుతుంది. ఇన్ని హంగులున్నాయి కాబట్టి ఇంతకింతా జ్ఞానం వచ్చేస్తుందనుకున్నాను. అక్కడా చుక్కెదురే. ఇలాంటి హంగులున్న పుస్తకాల నుంచి పిల్లలు మామూలు పుస్తకాల కన్నా తక్కువ నేర్చుకుంటారని 2010లో అదే డిలోచ్ బృందం చెప్పింది. ఆవిడకీ నాకూ పాత కక్షలేమీ లేవు. మా అమ్మాయి అదేమీ పట్టించుకోలేదు గానీ, ముందు వెనక్కి తిప్పి బ్యాటరీ మూత స్క్రూతో గట్టిగా బిగించి ఉందో లేదో చూసింది. గుండీ అంత బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుందంది. ఈ ఒక్క విషయంలో నేను ఎదురు చెప్పలేదు. బాతు మాత్రం నాలుగు రోజులు అరిచింది. అయిదో రోజు ఎవరూ నొక్కకుండానే, అర్ధరాత్రి, దానంతటదే అరిచింది.

ఇంత జరిగాక కొందరు నన్నే తప్పుపడుతున్నారు. మీరు కొన్నవన్నీ మీ కోసం కొన్నవేగా అంటున్నారు. అబద్ధం. నీలం పొగమంచు పుస్తకం హాల్లో అరలో ముఖం ఇటు తిప్పి ఎందుకు పెట్టానంటే, వచ్చినవాళ్ళు చూసి నేర్చుకుంటారని. మూడున్నరేళ్ళ పిల్లకి 'ఆరేళ్ళ పైబడినవారికి' అని అచ్చేసిన పుస్తకం ఎందుకు తెచ్చానంటే, మూడేళ్ళ పిల్ల మూడేళ్ళ పుస్తకం చదివితే నలుగురికీ చెప్పుకోవడానికి ఏముంటుంది? తాబేలు పుస్తకం ఇప్పటికీ కొత్తదానిలా మెరుస్తోంది. పిల్లి తోక పుస్తకం చూడండి. వెన్ను ఊడింది, గొడుగు పేజీకి టేపు, పదకొండో పేజీ నిండా క్రేయాను గీతలు. ఏ పుస్తకం విలువైనదో దీన్నిబట్టే తెలియడం లేదా?

కాబట్టి సంబంధిత అధికారుల ముందు మూడు డిమాండ్లు ఉంచుతున్నాను. ఒకటి: మూడేళ్ళలోపు పాఠకులు పుస్తకం మీద అభిప్రాయాన్ని పళ్ళతో గానీ, చిగుళ్ళతో గానీ వ్యక్తం చేయరాదు. రెండు: ఒక పుస్తకాన్ని ఒక రాత్రి రెండుసార్లకు మించి చదివించుకోరాదు, పేజీల లెక్క చూసే అధికారం పెద్దలకే ఉండాలి. మూడోది అన్నిటికన్నా కీలకమైనది. సమస్య మొత్తం దాంతో తీరిపోయేది. రాత్రి దాన్ని విడి కాగితం మీద రాసి, కళ్ళజోడు తుడుచుకోవడానికి ఒక్క నిమిషం పక్కన పెట్టాను. మనవడి నోట్లోంచి లాగేసరికి చివరి రెండక్షరాలు మిగిలాయి. ఏమిటో గుర్తు రావడం లేదు.