గంటకో బాంబర్ చేసిన ఫ్యాక్టరీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ విల్లో రన్ బాంబర్ ఫ్యాక్టరీ వారికి,
ఇప్సిలాంటి ఊరి పొలిమేర, మిషిగన్ రాష్ట్రం.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని తెలుసు. 2010లో తాళం వేశారు, ఆ తర్వాత చాలా భాగం కూలగొట్టారు కూడా. చచ్చినవాడి కళ్లు చారెడు అని మాకో సామెత ఉంది. మీరు పోయాక మిమ్మల్ని పొగిడేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. మైలు పొడవు షెడ్డట, రెండో ప్రపంచ యుద్ధంలో గంటకో బాంబరట, ప్రజాస్వామ్యాన్ని మీరే నిలబెట్టారట. మేనేజ్‌మెంట్ క్లాసులో మీ పేరు చెప్పని గురువు లేడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

మీ జాతకం నుంచే మొదలుపెడతాను. 1915లో మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఆపేస్తానని ఓడ అద్దెకు తీసుకుని, శాంతి బృందాన్ని ఎక్కించుకుని యూరప్‌కి బయల్దేరిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పేరు హెన్రీ ఫోర్డ్, కార్ల కంపెనీ ఆయన. అదే పెద్దమనిషి సొంత పొలంలో, కుర్రాళ్ల చేత వ్యవసాయం చేయించే క్యాంపు పెట్టిన నేలలో, 1941లో మీకు పునాది పడింది. డబ్బు ప్రభుత్వానిది, పేరు ఆయనది. శాంతి ఓడకి మాత్రం ఆయన సొంత డబ్బే ఖర్చయింది పాపం.

మీ ప్లాన్ ఎలా పుట్టిందో అందరూ కథలా చెబుతారు. 1941 జనవరిలో ఫోర్డ్ గారి ప్రొడక్షన్ పెద్ద చార్లెస్ సోరెన్‌సెన్, బీ-24 లిబరేటర్ అనే బాంబర్ తయారయ్యే చోటు చూద్దామని శాన్ డియాగోలోని కన్సాలిడేటెడ్ కంపెనీకి వెళ్లారు. అక్కడ విమానాలు ఆరుబయట ఎండలో నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నానికి లోహం వ్యాకోచిస్తుంది, పొద్దున తీసిన కొలత సాయంత్రం కుదరదు, కుదరని చోట ఫిట్టర్ తన చేత్తో సరిచేస్తాడు. కారు తలుపులన్నీ ఒకే సైజులో దింపే మనిషికి ఇది చూస్తే ఒళ్లు మండదా? ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని తెల్లారేసరికి మీ బొమ్మ గీసేశారు. విమానంలో ఉన్న మూడు లక్షలకు పైగా రివెట్లతో (రేకుల్ని కలిపి బిగించే మేకులు) సహా అన్నీ లైను మీద కదులుతూ పోవాలి, చివర్న గంటకొకటి బయటపడాలి. అంతే.

మా దగ్గర వంటగది ఎటువైపు రావాలో తేలడానికే వాస్తు పండితుడు మూడుసార్లు రావాలి. మీ షెడ్డు నిటారుగా పోకుండా ఓ చోట తొంభై డిగ్రీలు తిరిగి ఎల్ ఆకారంలో ఉంటుందని విని, ఆహా, వీళ్లకీ వాస్తు ఉందన్నమాట అనుకున్నాను. తీరా చూస్తే పక్క కౌంటీలో పన్నులు ఎక్కువని, సరిహద్దు దాటకుండా అలా తిప్పారని చెప్పుకుంటారు. సగం తయారైన బాంబర్‌ని ఆ మూల దగ్గర టర్న్‌టేబుల్ మీదకెక్కించి గిర్రున తిప్పి మళ్లీ లైనుకి పంపేవాళ్లట. కుబేరుడి దిక్కు కంటే మునసబు దిక్కే ముఖ్యమని మీరు 1941లోనే కనిపెట్టేశారు.

సరే, లైను మొదలైంది. గంటకొకటి వచ్చిందా? 1942 ముగిసేసరికి బయటపడినవి పదుల్లోనే. మీ పేరునే కాస్త మెలిపెట్టి ‘విల్ ఇట్ రన్?’, ఇది అసలు నడుస్తుందా అని జనం జోకులేశారు. యుద్ధ ఖర్చుల మీద కన్నేసిన ట్రూమన్ గారి అమెరికా సెనేట్ కమిటీ వచ్చి లెక్కలడిగింది. తప్పెక్కడంటే, మీరు కార్లకు వాడినట్టే గట్టి ఉక్కు డైలు (రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు) పోయించారు. విమానాలవాళ్లు మెత్తటి లోహంతో డైలు ఎందుకు చేసుకుంటారో అడిగి ఉంటే చెప్పేవాళ్లు. యుద్ధంలో ఈ వారం విమానం ముక్కుకి ఎదురుగా వచ్చి శత్రువు కాల్చాడంటే వచ్చే నెలకి ముక్కు దగ్గర తుపాకీ గది కావాలి. డ్రాయింగ్ మారుతుంది. డ్రాయింగ్ మారితే ఉక్కు డై తుక్కు. మీకేమో మార్పు అంటే టెన్షన్. చివరికి ఎంత చక్కటి ఏర్పాటు కుదిరిందంటే, మీరు పాత డ్రాయింగు ప్రకారం గబగబా చేసి లెక్కలో రాసుకుంటారు, ఆ కొత్త విమానం నేరుగా మరో ఊళ్లో ఉన్న మార్పుల కేంద్రానికి ఎగిరి వెళ్తుంది, అక్కడ మళ్లీ విప్పి కావలసినవి బిగిస్తారు. గంటలో మీ పని అయిపోయింది. విమానం పని మాత్రం అవలేదు.

1944కి మాట నిలబెట్టుకున్నారు, కాదనను. 63 నిమిషాలకొకటి. విడిభాగాల కిట్లుగా పంపినవి కలిపి మొత్తం 8,685. మీ తలుపు దగ్గర వెయ్యికి పైగా మంచాలు వేసుకుని పైలట్లు, సిబ్బంది నిద్రపోతూ తమ విమానం కోసం ఎదురుచూసేవాళ్లట. వాళ్లకైనా మంచాలు దొరికాయి. కెంటకీ నుంచీ దక్షిణాది నుంచీ పనికోసం వచ్చిన మీ కార్మికులు ట్రైలర్లలో, గ్యారేజీల్లో, ఒకడు డ్యూటీకి పోతే ఇంకొకడు అదే పక్కమీద పడుకుంటూ బతికారు. బాంబర్‌కి పైకప్పు ముందు, మనిషికి తర్వాత. అద్దె దొరక్క జనం పనొదిలి పోతుంటే, క్రమశిక్షణ లేదని మీ పెద్దలు విసుక్కున్నారు.

మనుషుల కొలతలు మీకు తెలియవని అననుగాక అనను. రెక్కల లోపల ఇరుకు. బయటి నుంచి రివెట్ కొడుతుంటే లోపలి నుంచి ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అందులో దూరడానికి మరుగుజ్జు మనుషుల్ని ప్రత్యేకంగా వెతికి పనిలో పెట్టుకున్నారు. అంత శ్రద్ధ! ఆ శ్రద్ధలో పిసరంత విమానంలో ప్రయాణం చేసేవాడి మీద పెట్టి ఉంటే బాగుండేది. బాంబుల గదిలో ముందు నుంచి వెనక్కి పోవడానికి అడుగు వెడల్పు కూడా లేని ఓ పట్టీ, అటూ ఇటూ బాంబుల రాక్‌లు. ప్యారాషూట్ తగిలించుకుంటే అందులో పట్టరు. కాలు జారితే కింద ఉన్నది కిరాణాకొట్టు షట్టర్‌లా పక్కలకి చుట్టుకుపోయే పల్చటి తలుపు, మనిషి బరువు ఆపదు. పెట్రోలు వాసన కమ్ముకుంటే ఆ తలుపే కాస్త తెరిచిపెట్టి ఎగిరేవాళ్లు. గడ్డకట్టే చలిలో, కరెంటుతో వేడెక్కే సూట్లు తొడుక్కుని, పదిమంది కుర్రాళ్లు. వాళ్లే దీనికి ఎగిరే శవపేటిక అని పేరు పెట్టారు.

డిజైన్ మాది కాదు, శాన్ డియాగో వాళ్లది అంటారు మీరు. నిజమే. డేవిస్ అనే ఆయన రూపొందించిన ఆ సన్నటి పొడుగు రెక్క వల్లే అది అంత దూరం పోయిందనీ, అట్లాంటిక్ నడిమధ్య జర్మన్ సబ్‌మెరైన్లకి అడ్డులేని ఖాళీని లిబరేటర్లే మూశాయనీ ఒప్పుకుంటాను. కానీ ఒక లెక్క చెప్పండి. 1943 ఆగస్టు 1న రుమేనియాలోని ప్లోయెస్తి చమురు శుద్ధి కేంద్రాల మీదకి 170కి పైగా లిబరేటర్లు చెట్ల ఎత్తున ఎగురుతూ వెళ్లాయి. 54 తిరిగి రాలేదు. మీరు తర్వాత అందుకున్న వేగంతో చూస్తే అది 57 గంటల లోపు పని, శనివారం ఓవర్‌టైమ్ చేస్తే సరి. లోపలున్న ఒక్కో కుర్రాడు తయారవడానికి ఇరవయ్యేళ్లు పట్టింది, అదీ ఇంట్లో, ఒక్కొక్కడు ఒక్కో సైజులో. సోరెన్‌సెన్ గారి రాత్రి ప్లానులో ఆ లైను ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు.

1945 జూన్‌లో మీ ఆఖరి విమానం బయటకొచ్చింది. దాని మీద హెన్రీ ఫోర్డ్ పేరు రాస్తే, పెద్దాయన తన పేరు తీసేసి కార్మికుల్ని సంతకాలు చేయమన్నారట. కార్మికులు సంతకం పెట్టాక వాళ్లకి పనీ లేదు. యుద్ధం అయిపోయింది కాబట్టి బాంబర్లను అరిజోనాలో కింగ్‌మన్ లాంటి చోట్లకి తోలి, కోసి, కొలిమిలో కరిగించారు. వాటిలో యుద్ధం ముఖమే చూడనివీ ఉన్నాయి. అంత తొందర దేనికో అని ఇప్పుడు అడిగితే బాగుండదు.

ఇక మా సంగతి. మీరు, శాన్ డియాగో, ఇంకో మూడు ఫ్యాక్టరీలు కలిసి దింపిన లిబరేటర్లలో కొన్ని బ్రిటిష్‌వాళ్ల వెంట కాన్పూర్ దాకా వచ్చాయి. అమెరికాతో ఉన్న అరువు ఒప్పందం ప్రకారం యుద్ధం అయ్యాక వాటిని తిరిగివ్వాలి, కొనాలి, లేదా పనికిరాకుండా చెయ్యాలి. దొరలు మూడోది ఎంచుకున్నారు. బుల్డోజర్లతో గుద్దారు, ఇంజిన్లలో ఇసుక పోశారు, రశీదు రాసుకుని ఓడెక్కి వెళ్లిపోయారు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కు దగ్గరికెళ్లారు. దీని తోక దానికి, దాని చక్రం దీనికి బిగించి, ఎగరగలిగేంత వరకు అతుకులేసి, జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ చేత ఒక్కొక్కటే బెంగళూరుకి ఎగిరించుకుపోయారు. అక్కడ పూర్తిగా విప్పి మళ్లీ కట్టారు. గంటకొకటి కాదండోయ్. ఎక్కడ కుదరకపోతే అక్కడ ఫిట్టర్ చేత్తో సరిచేశాడు, సోరెన్‌సెన్ గారు చూసి ఒళ్లు మండించుకున్న పద్ధతే. ఆ ఏడాది నవంబర్‌కల్లా మా వాయుసేనలో బాంబర్ స్క్వాడ్రన్ తయారైంది. ఆ విమానాలు సముద్రం మీద కాపలా కాస్తూ 1968 దాకా ఎగిరాయి.

అప్పటికి మీ షెడ్డులో జనరల్ మోటార్స్ వాళ్లు కార్లకి గేర్‌బాక్సులు చేసుకుంటున్నారు. మీ వాళ్లకీ, బ్రిటిష్‌వాళ్లకీ, కెనడావాళ్లకీ మ్యూజియంలో పెట్టుకోవడానికి ఒక్క లిబరేటర్ కావాల్సివచ్చింది. పద్దెనిమిది వేలు చేసిన జాతికి మంచిది దొరకడమే కష్టమై, మా గుమ్మంలో నిలబడ్డారు. మేం ఇచ్చాం. బుల్డోజర్ దెబ్బలకి వేసిన అతుకులతో సహా ఇచ్చాం, రిపేరు ఖర్చు మాత్రం అడగలేదు.

ఇట్లు,
విమానంలో కిటికీ సీటు కోసం తప్ప ఇంకెందుకూ పోట్లాడని
ఒక తెలుగు ప్రయాణికుడు